అవకలన సమీకరణాన్ని చలరాశులను వేరుచేసే పద్ధతిలో సాధించేటప్పుడు సమాకలన స్థిరాంకం సీ ఎక్కడ రాయాలి?

ఒక లెక్కతో చూద్దాం. 30 డిగ్రీల గదిలో పెట్టిన 90 డిగ్రీల కాఫీ 5 నిమిషాల్లో 70కి దిగింది. 50కి ఎప్పుడు దిగుతుంది?

కాఫీకి, గదికి ఉన్న తేడాను వై అనుకోండి. న్యూటన్ శీతలీకరణ నియమం ప్రకారం ఈ తేడా ఎంత ఎక్కువుంటే అంత వేగంగా తగ్గుతుంది: డీవై/డీటి = −కే·వై (టి అంటే కాలం, కే ఒక స్థిరాంకం). వై ఉన్నదంతా ఎడమకు, టి ఉన్నది కుడికి తెస్తే డీవై/వై = −కే·డీటి. రెండు పక్కలా సమాకలనం చేస్తే, సహజ సంవర్గమానంలో, లాగ్|వై| = −కే·టి + సీ.

సీ రాయాల్సింది సరిగ్గా ఈ వరుసలోనే. చాలామంది ముందు లాగ్ తీసేసి, చివర్లో "+ సీ" తగిలిస్తారు. అప్పుడు వచ్చే వై = ఈ^(−కే·టి) + సీ ("ఈ" అంటే సహజ సంవర్గమానపు ఆధార సంఖ్య) అనేది, సీ సున్నా అయితే తప్ప, అసలు సమీకరణాన్ని తృప్తిపరచదు; అవకలనం చేసి చూడండి, కుడివైపు −కే·సీ మిగిలిపోతుంది. నిజానికి సీ గుణకంగా మారాలి: వై = ఏ·ఈ^(−కే·టి); "ఏ" అనేది సీ నుంచి వచ్చిన స్థిరాంకం.

మొదట వై 60, కాబట్టి ఏ = 60. 5 నిమిషాలకు 40, అంటే ప్రతి 5 నిమిషాలకూ తేడా 2/3 వంతుకు తగ్గుతుంది. 50 డిగ్రీల దగ్గర తేడా 20, కాబట్టి టి = 5 × లాగ్ 3 / లాగ్ 1.5, సుమారు 13.5 నిమిషాలు. మొదటి 20 డిగ్రీలకు 5 నిమిషాలు పడితే, తర్వాతి 20కి ఎనిమిదిన్నర!

వైతో భాగించేటప్పుడు వై = 0 సాధన జారిపోతుంది. ఇక్కడ ఏ = 0 పెడితే తిరిగొస్తుంది. కానీ డీవై/డీఎక్స్ = వై² లో −1/వై = ఎక్స్ + సీ వస్తుంది, సీకి ఎంత విలువ ఇచ్చినా వై = 0 దొరకదు; దాన్ని విడిగా రాయాల్సిందే.

డీవై/డీఎక్స్ = ఎక్స్ + వై లాంటిది ఇలా విడిపోదు. దానికి సమాకలన గుణకం (సమాకలనం వీలయ్యేలా సమీకరణాన్ని గుణించే ప్రమేయం) వాడండి.