ఒకే తేదీ చూపిస్తున్న 94 ఫైళ్లు

ప్రశ్న: అన్నా, నేను రొయ్యల గుంటల దగ్గర లెక్కలు రాస్తుంటాను. ఏ గుంటకి ఎంత మేత వేశాం, చెక్ ట్రేలో ఎంత మిగిలిందీ రోజూ రాత్రి ఏడింటికి ఒక ఫైల్‌లో రాసిపెడతాను. పోయిన నెల యజమాని కొడుకు ఆ ఫోల్డర్ మొత్తం కొత్త కంప్యూటర్‌లోకి కాపీ చేశాడు. రెండింట్లోనూ లైనక్సే (విండోస్ లాంటి ఇంకో సిస్టమ్). ఇప్పుడు 94 ఫైళ్లకీ ఒకటే తేదీ చూపిస్తోంది. ‘రోజూ రాయకుండా ఒక్క రాత్రిలో కూర్చుని నింపేశావా?’ అంటున్నాడు యజమాని. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అసలు తేదీలు తెలుసుకునే దారి ఉందా?
– ఓ పాఠకుడు, ఇందుకూరుపేట మండలం

జవాబు: తమ్ముడూ, ముందు ఒక మాట. ఆ పాత కంప్యూటర్‌ని పాత సామాన్ల వాడికి ఇచ్చేయకుండా చూసుకో. అందులో ఫైళ్లు తెరిచి సేవ్ కొట్టకు.

ఇక కొత్త దాని సంగతి. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచి, ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి ‘ఎల్‌ఎస్ --ఫుల్-టైమ్’ కొట్టు, అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే. ఫైళ్ల జాబితా టైములతో సహా వస్తుంది. ఉత్త ‘ఎల్‌ఎస్ -ఎల్’ అయితే సెకన్లు చూపించదు, ఆరు నెలలు దాటిన ఫైల్‌కి గంటా నిమిషం కూడా తీసేసి సంవత్సరం మాత్రం వేస్తుంది. నాకు తెలిసి నీ 94 ఫైళ్లూ ఒకటి రెండు సెకన్ల తేడాలోనే ఉంటాయి. అదే ఆయనకి చూపించు. ఒక్క రాత్రిలో నింపినా ఫైల్‌కి ఫైల్‌కి మధ్య నిమిషాలు పడతాయి కదా! రెండు సెకన్లలో 94 రాసే మనిషి ఉంటే గుంటల దగ్గర ఎందుకుంటాడు? అది కాపీ చేసిన టైము. కాపీ చేసే కమాండ్ ‘సీపీ’కి ‘-పీ’ గానీ ‘-ఏ’ గానీ తగిలించకపోతే పాత తేదీ రాదు.

తర్వాత పాత దాంట్లో ‘స్టాట్’ అని కొట్టి, పక్కన ఫైల్ పేరు ఇవ్వు. యాక్సెస్, మాడిఫై, చేంజ్ అని మూడు టైములు వస్తాయి, కొన్ని కంప్యూటర్లలో బర్త్ (ఫైల్ పుట్టిన టైము) అని నాలుగోది కూడా. మాడిఫై అంటే లోపలి రాత చివరిసారి మారిన టైము. నీకు కావాల్సింది ఇదే. చేంజ్ అంటే రాతే కాదు, పేరు, పర్మిషన్, ఓనర్ వంటివి మారినా కదిలే టైము. దీన్ని ‘సీటైమ్’ అంటారు. ‘సీ’ అంటే క్రియేషన్ అనుకుని నేను చాలా ఏళ్లు మా బావమరిదికి తప్పు చెప్పాను, ఇప్పటికీ దెప్పుతుంటాడు.

‘టచ్’ అనే కమాండ్‌తో మాడిఫైని ఏ తేదీకైనా తిప్పేయొచ్చు. తెలిసినవాళ్లు ఎవరైనా ఈ మాటే పట్టుకుంటారు. చేంజ్‌ని మాత్రం టచ్ వెనక్కి తిప్పలేదు, తిప్పిన నిమిషమే అందులో పడుతుంది. కాబట్టి మాడిఫై, చేంజ్ రెండూ ఆ రోజు రాత్రి ఏడుకే ఉన్నాయంటే నీ మాటకి బలం.

యాక్సెస్, అంటే ఫైల్‌ని చివరిసారి చదివిన టైము, దాని జోలికి పోవద్దు. 2009 నుంచి లైనక్స్ చదివిన ప్రతిసారీ దాన్ని మార్చడం మానేసింది.

ఫోల్డర్ తేదీ కావాలంటే ‘ఎల్‌ఎస్ -ఎల్‌డీ’. ఆ ‘డీ’ లేకపోతే లోపలి ఫైళ్లన్నీ వరసకట్టి వస్తాయి. కొత్త ఫైల్ చేరినా, ఒకటి పోయినా, పేరు మారినా ఫోల్డర్ తేదీ మారుతుంది. ఉన్న ఫైల్‌లోనే అంకె దిద్దితే మాత్రం మామూలుగా మారదు.

అన్నీ చూశాక, పాత దాంట్లోంచి ‘సీపీ -ఏ’తో కొత్తదాంట్లో వేరే ఫోల్డర్‌లోకి మళ్లీ తెచ్చుకో. మొదటి కాపీ మీద పడేయకు, ఆ రెండు సెకన్ల లెక్క చెరిగిపోతుంది. ఇంకోటి, స్టాట్‌లో టైము చివర +0530 (మన దేశం టైము) ఉందో లేదో చూడు. +0000 (గ్రీనిచ్ టైము) ఉంటే నీ రాత్రి ఏడు అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నరగా కనపడుతుంది. మీ యజమాని మళ్లీ అదొకటి పట్టుకుంటాడు.