ఇంకో పది కిలోమీటర్లే కదా అనుకోకు

అమ్మడూ,

మొన్న ఫోన్లో నువ్వు నవ్వుతూనే చెప్పావు గానీ నాకు గుండె ఝల్లుమంది. "డాష్‌బోర్డు మీద ఏదో ఎర్రగా వెలిగింది మామయ్యా, ఇంటికి ఇంకో పది కిలోమీటర్లే కదా అని అలాగే వచ్చేశా" అన్నావు. తీరా చూస్తే హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించలేదని తేలింది, సరే. కానీ బ్రేక్ ఆయిల్ తగ్గిపోయినా చాలా కార్లలో వెలిగేది ఆ దీపమే. అప్పుడు పది కిలోమీటర్లు కాదు కదా, పక్క మలుపు దాకా కూడా పోకూడదు.

కారు బాగుచేయడం నీకు నేర్పాలని ఈ ఉత్తరం రాయడం లేదు. అది మెకానిక్ పని. ఎప్పుడు ఆగాలో నీకు తెలిస్తే చాలు. నేను ఇన్నేళ్లలో కట్టిన పెద్ద బిల్లుల్లో సగానికి పైగా ఆ "ఇంకాస్త దూరం" పుణ్యమే.

ముందు దీపాల సంగతి. ఎరుపు వెలిగితే ఆగాలి. పసుపు వెలిగితే ఇంటికి పోవచ్చు గానీ, నెల రోజులు నానబెట్టకూడదు. ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే మాత్రం ఆలోచించకుండా పక్కకు తీసి ఇంజిన్ ఆపేయ్. ఇంజిన్ లోపల ఆయిల్ ప్రెషర్ లేదని అర్థం. ఇనుముకూ ఇనుముకూ మధ్య ఆయిల్ పొర లేకపోతే ఇంజిన్ పట్టేయడానికి నిమిషాలు చాలు. బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగితే అంత గాభరా లేదు. ఛార్జింగ్ ఆగిపోయిందన్నమాట. ఏసీ, పాటలు ఆపేసి దగ్గర్లోని మెకానిక్ దాకా వెళ్లొచ్చు. అయితే ఆ దారంతా టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్నేసి ఉంచు. కొన్ని కార్లలో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నీ, ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల పంపునీ తిప్పేది ఒకే బెల్టు. అది తెగితే రెండూ ఆగిపోతాయి. ఇక ఇంజిన్ బొమ్మతో ఉండే పసుపు దీపం నిలకడగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో చూపించు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం వేగం తగ్గించి మెల్లగా పక్కకు తీసుకో. లోపల ఇంధనం సరిగా మండడం లేదు. మండకుండా బయటికొచ్చే ఆ ఇంధనం సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. అది చాలా ఖరీదైన సామాను.

నా కుడి మణికట్టు మీద మచ్చ ఏంటని చిన్నప్పుడు అడిగేదానివి, నేను మాట దాటేసేవాణ్ణి. సిగ్గుపడి చెప్పలేదు. పాతికేళ్ల వయసులో ఒకసారి కారులో వెళ్తుంటే టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. చూశాను. ఈ ఎత్తు ఎక్కేస్తే తర్వాతంతా దిగుడే కదా అని తొక్కాను. ఎత్తు మీదికి చేరేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. దిగి, పెద్ద తెలిసినవాడిలా గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పాను. ఒత్తిడిలో ఉన్న నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులైన క్షణంలో ఒత్తిడి పడిపోయి ఒక్కసారిగా మరిగి ఎగదన్నుతాయి. నా మణికట్టుకు తగిలింది కొంచెమే, మొహం తప్పించుకుంది. ఇంజిన్ తప్పించుకోలేదు. ఇంజిన్ పైభాగం, అదే హెడ్, వంగి, దాని కింద ఉండే గ్యాస్కెట్ పోయి, మొత్తం విప్పాల్సి వచ్చింది.

నువ్వు చేయాల్సింది వేరు. ముల్లు మామూలుగా నిలిచే చోటు దాటి లేస్తోందంటే వెంటనే ఏసీ ఆపి హీటర్ ఫుల్‌గా పెట్టు. ఎండలో హీటరేంటి అని నవ్వొస్తుంది, చెమటలు కారతాయి, కానీ ఇంజిన్ వేడిలో కొంత అలా నీ మీదికి లాక్కుంటావు. చోటు దొరకగానే ఆపి ఇంజిన్ కట్టేయ్. ఆవిరి వస్తుంటే బానెట్ జోలికి పోకు. కనీసం అరగంట, వీలైతే ఇంకా ఎక్కువ ఆగు. వేడి ఇంజిన్ మీద చల్లనీళ్లు గుమ్మరించమని సలహా ఇచ్చేవాళ్లు ఎవరో ఒకరు తప్పక పోగవుతారు, వినకు, లోహం పగిలిపోవచ్చు. బాగా చల్లారాక కూలెంట్ డబ్బా, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం ఉండే డబ్బా, చూడు. దాని మీద రెండు గీతలుంటాయి, మట్టం వాటి మధ్య ఉండాలి. ఖాళీ అయితే మామూలు నీళ్లు పోసి మెకానిక్ దాకా వెళ్లొచ్చు. కానీ నీళ్లతోనే నడిపించేయకు, లోపల తుప్పు పడుతుంది.

ఇలాంటివి ముందే తెలియాలంటే చవకైన ఉపాయం ఒకటుంది. వారానికో రాత్రి ఇంజిన్ కింద ఒక అట్టముక్క పరిచి, పొద్దున్నే చూడు. మామూలు నీటి చుక్కలైతే ఏసీవి, పట్టించుకోకు. రంగు ఉంటే కూలెంట్. గోధుమ రంగులోనో నల్లగానో జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఏదైనా ఫోటో తీసి ఉంచుకో.

ఆయిల్ చూడడం తేలిక. సమంగా ఉన్న చోట కారు ఆపి, ఇంజిన్ చల్లారాక డిప్‌స్టిక్ బయటికి లాగి, తుడిచి, మళ్లీ పెట్టి తీయి. రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. నల్లగా ఉందని భయపడకు, పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే భయపడు. అందులో కూలెంట్ కలుస్తోందేమో, చూపించేదాకా కారు తీయకు.

బ్రేకుల విషయంలో చెవే సాధనం. నొక్కినప్పుడల్లా సన్నగా కీచుమంటోందంటే ప్యాడ్లు అరిగాయని చాలా కార్లలో ఒక చిన్న రేకు అలా హెచ్చరిస్తుంది. గరగరమని రాస్తున్న చప్పుడు వచ్చిందంటే ఆ హెచ్చరిక నువ్వు ఎప్పుడో దాటేశావు, ఇప్పుడు డిస్కు కూడా పోతోంది. బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గితే ఊరికే పోసేసి ఊరుకోకు. ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది, ఎక్కడైనా కారుతున్నా తగ్గుతుంది. పోసేస్తే దీపం ఆరుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

టైర్ల గాలి ఎంతుండాలో టైరు మీద వెతకకు. అక్కడుండేది ఆ టైరు తట్టుకునే గరిష్ఠ ప్రెషర్. నీ కారుకు కావాల్సిన అంకె డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీదో, పెట్రోలు మూత లోపలో ఉంటుంది. పొద్దున్నే బండి కదలక ముందు చూడాలి, నడిపాక వేడికి ప్రెషర్ పెరుగుతుంది. టైరు అరుగుదల కూడా చాలా చెబుతుంది: మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ, ఒక్క పక్కే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. గాడుల మధ్య చిన్న చిన్న గట్లుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు ఆ గట్లతో సమానమైతే మార్చాల్సిందే.

పంచరైతే కంగారు లేదు. గట్టి నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, మిగతా చక్రాల్లో ఒకదానికి రాయి అడ్డం పెట్టు. జాకీ ఎత్తకముందే నట్లు అర చుట్టు వదులు చేయాలి. అందరూ తప్పేది ఇక్కడే. చక్రం గాల్లోకి లేచాక తిప్పితే నట్టుతో పాటు చక్రమూ తిరుగుతుంది, కారు జాకీ మీంచి జారిపోవచ్చు. చేతి బలం చాలకపోతే పానా మీద కాలు పెట్టి నొక్కు. స్టెప్నీ వేశాక నట్లు ఎదురెదురుగా బిగించు, వరసగా కాదు. ఓ 50 కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించి చూసుకో.

సెల్ఫ్ కొడితే టక్ టక్‌మని దీపాలు మసకబారితే బ్యాటరీ నీరసించింది. గట్టిగా తిరుగుతూ అంటుకోకపోతే బ్యాటరీ జోలికి పోకు, లోపం ఇంకెక్కడో ఉంది. నీళ్లలో ఆగిపోయిన కారుకు మాత్రం సెల్ఫ్ ఒక్కసారి కూడా కొట్టొద్దు. ఇంజిన్ లోపలికి చేరిన నీళ్లు పెట్రోలు ఆవిరిలా నలగవు, పిస్టన్‌ని పట్టుకునే రాడ్డే వంగిపోతుంది. తోయించుకో, లాగించుకో, సిగ్గుపడకు.

మెకానిక్ దగ్గర రోగం పేరు నువ్వు చెప్పకు. "గేర్‌బాక్స్ పోయిందేమో" అంటే అతను గేర్‌బాక్సే విప్పుతాడు. ఎప్పుడు, ఎంత వేగంలో, ఏ చప్పుడు వచ్చిందో చెప్పి ఊరుకో. మార్చిన పాత సామాను చూపించమని అడుగు, మర్యాదగా.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. డిక్కీ తీసి స్టెప్నీలో గాలి ఉందో లేదో, జాకీ, పానా ఎక్కడున్నాయో చూడు. ఒక్కసారైనా స్టెప్నీ బయటికి తీసి పెట్టు, దాని బరువు నీకు తెలియాలి. టైరు పక్కన డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. నీ నాలుగు టైర్లవీ, స్టెప్నీదీ ఫోటోలు తీసి పంపు. అది నువ్వు పాత కారుగా కొన్నది కదా, స్టెప్నీ వయసు మీదే నాకు అనుమానం.

మామయ్య