పాత ట్లింగిట్ ఫోటోల్లో కనిపించేది వాళ్ల రోజువారీ జీవితమేనా?

పూర్తిగా కాదు, అలాస్కా ఆదివాసులైన ట్లింగిట్‌ల పాత ఫోటోల్లో చాలావాటికి వాళ్లు ప్రత్యేకంగా సిద్ధమై పోజిచ్చారు. అప్పటి గాజు ప్లేట్ల కెమెరాలతో, ముఖ్యంగా ఇంటి లోపల తీసేటప్పుడు, కదలకుండా ఉండాల్సి వచ్చేది. పైగా ఓడల్లో వచ్చే టూరిస్టులు అలాంటి ఫోటోలే కొనేవారు.

1893లో అలాస్కాలోని జూనో పట్టణంలో స్టూడియో పెట్టిన ఫోటోగ్రాఫర్లు వింటర్, పాండ్ 1895 ప్రాంతంలో క్లుక్వాన్ అనే ట్లింగిట్ ఊళ్లో, ఒక వంశానికి చెందిన వేల్ హౌస్ అనే ఇంటి లోపల తీసిన ఫోటోనే చూడండి. చెక్కిన స్తంభాల మధ్య ఉత్సవ దుస్తుల్లో మనుషులు కనిపిస్తారు.

వాళ్లు రోజూ అలాగే ఉండేవారని చాలామంది అనుకుంటారు. కానీ కొండమేక ఉన్ని, దేవదారు బెరడుతో నేసిన చిల్కట్ శాలువాలు వేడుకలకే. మామూలు రోజుల్లో అప్పటికే చొక్కా, ప్యాంటు వచ్చేశాయి. అలాగని ఆ ఫోటోలు నకిలీవీ కావు: ఆ శాలువాలు, స్తంభాలు నిజంగా ఆ వంశాల ఉమ్మడి ఆస్తి.