పది బిందెల ఇంట్లో పాప గిన్నె

ప్రశ్న: అమ్మగారూ, మాది పరకాల దగ్గరి పల్లె. ఇంట్లో అయిదుగురం. పాపకు పదకొండు నెలలు. తొమ్మిదో నెలలో 7 కిలోలు ఉంది, ఇప్పుడూ అంతే. నల్లా రెండు రోజులకొకసారి అరగంట వస్తుంది. పది బిందెలు పట్టుకుంటే గొప్ప. మిగతా వాడకమంతా బోరు నీళ్లే. ఆ నీళ్లలో పప్పు ఉడకదు. అందుకని పొద్దున ఒక్కసారే వండి, సాయంత్రం కూడా పాపకు అదే అన్నం చారుతో పెడుతున్నాను. మధ్యలో బిస్కెట్లు, నా పాలు. ఆకుకూర కడగడానికే మూడు చెంబులు కావాలి. మా అత్తమ్మ ఇదంతా నా బద్ధకమంటున్నారు.

జవాబు: అమ్మా, మీది బద్ధకం కాదు. ఈ జవాబు మీ అత్తమ్మకు కూడా చదివి వినిపించండి. అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా వరంగల్ చుట్టుపక్కల పల్లెలు తిరిగిన రోజుల్లో, పిల్లల బరువు అడిగే ముందు ఇంటి గోలెంలోకి తొంగిచూడడం నాకు అలవాటైంది. నీళ్లు అడుగంటిన ఇంట్లో మొదట మానేసేవి పప్పు, ఆకుకూర. నానబెట్టాలి, కడగాలి, ఉడికించాలి, ఆ గిన్నె మళ్లీ తోమాలి. బిస్కెట్ పొట్లానికి చుక్క నీరు అక్కర్లేదు.

పల్లెల్లో మనిషికి రోజుకు కనీసం 55 లీటర్లు అందాలన్నది 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రమాణం. బిందెకు 15 లీటర్లు వేసుకున్నా మీకు నల్లా నీళ్లు మనిషికి రోజుకు 15 లీటర్లే. ఈ లెక్క కాగితం మీద రాసి గ్రామసభలో ఇవ్వండి. మీ ఆయన ఇస్తే మరీ మంచిది, బిందెలు మోయడంలోనూ ఆయన చెయ్యి పడాలి.

ఇక పాప సంగతి. పది బిందెల్లో ఒకటి పాపది. మూత పెట్టి, కాడ గరిటెతోనే తీయండి, చెయ్యి ముంచవద్దు. తాగించే నీళ్లు బాగా మరిగించి చల్లార్చండి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే గింజ మెత్తబడదు, అందుకే మీ పప్పు మొండికేస్తోంది. పాప పిడికెడు పప్పును ఈ బిందె నీళ్లలోనే నానబెట్టండి. కందిపప్పు బదులు పెసరపప్పు వాడితే త్వరగా ఉడుకుతుంది. అందులోనే బియ్యం, నాలుగు ఆకులు తోటకూర వేసి మెత్తగా చేసి, చెంచా నూనె కలపండి. ఆకుకూర మట్టి పోయేదాకా బోరు నీళ్లతో కడిగి, చివరి కడుగు మాత్రం నల్లా నీళ్లతో. ఆ నీళ్లు పెరట్లో మునగ చెట్టుకు పోయండి.

నీళ్ల కరువున్న ఇంటికి నేను మొదట చెప్పేది గుడ్డు. బోరు నీళ్లలో ఉడికినా ఫరవాలేదు, పెంకు ఉంటుంది కదా. తోముకోవలసింది ఒక్క గిన్నె. ఏడు నెలలు నిండిన పిల్లలకు మూడేళ్ల వరకు అంగన్‌వాడీలో నెలకు 16 గుడ్లు, 2.5 కిలోల బాలామృతం ఇస్తారు. తెచ్చుకుంటున్నారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. బాలామృతం వేయించిన పిండే. మరిగిన నీళ్లలో కలిపి ఎప్పటికప్పుడు పెట్టండి.

పొద్దుటి అన్నం సాయంత్రం పెట్టడం మాత్రం ఈ రోజే మానండి. మన ఎండల్లో రెండు గంటలు దాటిన మెత్తటి అన్నంలో క్రిములు పెరుగుతాయి. విరేచనాలు పట్టుకుంటే తిన్నదీ ఒంటబట్టదు. అలా అయితే ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు మరిగి చల్లారిన నీళ్లలో కలిపి తాగించండి, జింక్ మాత్రలు 14 రోజులు ఆపకండి, పాలూ అన్నమూ మానవద్దు.

ఈ వయసు పిల్లలకు తల్లిపాలు, ధాన్యం, పప్పు, పాలు పెరుగు, గుడ్డు, మాంసం, పచ్చని పసుపు కూరలూ పండ్లు, ఇతర కూరలూ పండ్లు అనే ఎనిమిది రకాల్లో రోజుకు అయిదైనా అందాలి. మీ పాపకు ఇప్పుడు అందుతున్నవి రెండే. పప్పు, తోటకూర, గుడ్డు చేరితే అయిదవుతాయి.

రెండు నెలలుగా బరువు కదలలేదు కాబట్టి ఆగకుండా డాక్టరుకు చూపించండి. అంగన్‌వాడీలో జబ్బ చుట్టుకొలత కూడా తీయించండి, 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. వచ్చే నెల తూచిన బరువు నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.