ఇంటీరియర్ డిజైన్‌లో స్థిరపడాలంటే: క్లయింటు డబ్బు వేరు, మీ సంపాదన వేరు

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం చేస్తున్నాను. ఇంటీరియర్ డిజైన్ మీద ఇష్టంతో సాయంకాలపు కోర్సు ఒకటి పూర్తి చేసి, స్నేహితుల ఇళ్లు మూడింటికి డిజైన్ ఇచ్చి పని కూడా దగ్గరుండి చేయించాను. ఒక్కో ఇంటి మీద దాదాపు ఒక నెల జీతమంత మిగిలింది. జీతంలో 60 శాతం ఇంటి ఖర్చుకు పోతుంది. తల్లిదండ్రులు నా మీదే ఆధారపడి ఉన్నారు. ఇప్పుడు నాలుగో ఇల్లు మొదలు కాబోతోంది. బ్యాంకులో పది నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బుంది. అందులో మూడు నెలల ఖర్చుకు సమానమైన మొత్తం ఈ నాలుగో ఇంటివారు సరుకు కోసం ఇచ్చిన అడ్వాన్సు. ఉద్యోగం మానేసి, అప్పు తీసుకుని చిన్న స్టూడియో తెరవవచ్చా? రెండేళ్ల డిప్లొమా కూడా చేయాలా?

జవాబు: మీ పొదుపు పది నెలలది కాదు, ఏడు నెలలదే. సరుకు కోసం ఇచ్చిన అడ్వాన్సు మీ ఖాతాలో ఉన్నంత మాత్రాన మీది కాదు. అది ప్లైవుడ్‌గా, లామినేటుగా, తలుపుల బందులుగా, దీపాలుగా మారి ఆ ఇంటికి చేరవలసిన డబ్బు. అకౌంట్స్ విభాగంలో ఉన్నవారికి ఇది నేను చెప్పనక్కర్లేదు, కానీ సంస్థ పుస్తకాల్లో ఎంతో జాగ్రత్తగా ఉండేవారు కూడా సొంత పనిలో ఈ గీత చెరిపేస్తుంటారు. ఒక ఇంటి అడ్వాన్సుతో అంతకుముందు ఇంటి వడ్రంగికి బాకీ తీర్చడం ఈ వృత్తిలో మామూలుగా కనిపించే అలవాటు. కొత్త పనులు వరుసగా వస్తున్నంత కాలం అందులోని లోటు బయటపడదు. ఒక్క రెండు నెలలు కొత్త పని రాకపోతే మాత్రం మధ్యలో ఆగిన ఇల్లు, డబ్బు అడిగే క్లయింటు, ఖాళీ ఖాతా మూడూ ఒకేసారి ఎదురవుతాయి. కాబట్టి మొదట ఆ అడ్వాన్సును విడిగా ఒక ఖాతాలోకి మార్చండి. ఆ తర్వాతే మిగతా లెక్క చూద్దాం.

మీరు ఇప్పటివరకు చేసినది డిజైన్ ఒక్కటే కాదు, పని మొత్తం ఒప్పుకుని పూర్తి చేసి అప్పగించడం, అంటే టర్న్‌కీ పద్ధతి. ఇందులో డిజైన్‌కు విడిగా ఫీజు ఉండదు. సరుకు, కూలి పోగా మిగిలినదే మీది. ఉదాహరణకు క్లయింటు ఇచ్చేది 100 భాగాలనుకుందాం. సరుకుకు 62, వడ్రంగి, పెయింటర్, ఎలక్ట్రీషియన్ల కూలికి 22, రవాణాకూ సైట్ ఖర్చులకూ 4 పోతే మీకు మిగిలేది 12. ఒప్పందం కుదిరాక సరుకు ధర 5 శాతం పెరిగితే 3 భాగాలకు పైగా మీ చేతి నుంచి పోతాయి, అంటే మీ మిగులులో నాలుగో వంతు పైనే. కొలత తప్పి ఒక వార్డ్‌రోబ్ మళ్లీ చేయవలసి వస్తే మిగతాదీ దాదాపు కరిగిపోవచ్చు. చేతులు మారే మొత్తం పెద్దదిగా కనిపించడం వల్ల సంపాదన కూడా పెద్దదే అనిపిస్తుంది గాని, నష్టభయం 100 భాగాల మీదా, ఆదాయం 12 భాగాల మీదా ఉంటుంది.

అందువల్ల, నాలుగో ఇంటి నుంచే డిజైన్ ఫీజును సరుకు, కూలి లెక్కల నుంచి విడదీయండి. ఫీజు విస్తీర్ణాన్ని బట్టి కావచ్చు, గంటల లెక్కన కావచ్చు, మొత్తం పనికి ఒకే స్థిరమైన సంఖ్య కావచ్చు, ఖర్చు మీద శాతమైనా కావచ్చు. నా మొగ్గు స్థిరమైన ఫీజు వైపు. ఖర్చు మీద శాతం తీసుకునే డిజైనరుకు ఖాళీ గోడ నష్టమే. అక్కడ అల్మరా పెట్టకపోవడమే అందమని మీకు తెలిసినా, పెడితే వచ్చే ఆదాయం మీ కళ్లముందు మెదులుతూనే ఉంటుంది. సృజనాత్మక వృత్తి కోసం జీతం వదులుకోవాలనుకునేవారు తమ అభిరుచినే ప్రలోభపెట్టే ఆదాయ పద్ధతిని ఎంచుకోవడంలో అర్థం లేదు.

దుకాణదారులు డిజైనర్లకు ఇచ్చే కమీషన్ విషయంలోనూ ఇదే మాట. తీసుకోవడం తప్పని నేను అనను, దాచడం తప్పు. ఈ వృత్తి తొలి ప్రముఖుల్లో ఒకరైన ఎల్సీ డి వుల్ఫ్ నటన మానుకుని ఇటు వచ్చారు. 1905లో దక్కిన న్యూయార్క్‌లోని కాలనీ క్లబ్ అలంకరణ పని ఆమెకు పేరు తెచ్చింది. తర్వాత ఉక్కు వ్యాపారి హెన్రీ క్లే ఫ్రిక్ భవనానికి పనిచేసినప్పుడు, కొన్న వస్తువుల ధర మీద 10 శాతం ప్రతిఫలంగా తీసుకునేలా ఆయనతో ముందే ఒప్పందం ఉంది. ఆమె బాగా సంపాదించారు, అది వేరే సంగతి. ఎంత, ఎవరి నుంచి అన్నది చెల్లించేవారికి తెలుసు. మీ ఒప్పందంలోనూ ఆ వాక్యం ఉండాలి: దుకాణం ఇచ్చే తగ్గింపు క్లయింటుకు చెందుతుందా, మీకు చెందుతుందా అన్నది స్పష్టంగా రాయండి.

ఇక ఫీజు ఎంత ఉండాలి? చాలామంది పక్క డిజైనరు ఎంత తీసుకుంటున్నారో చూసి నిర్ణయిస్తారు. మీరు మాత్రం మీ ఇంటి ఖర్చు నుంచి వెనక్కి లెక్క కట్టండి. ఒక నెల ఇంటి ఖర్చును 1 అనుకుంటే ఏడాదికి 12 కావాలి. సాఫ్ట్‌వేర్, ప్రయాణాలు, నమూనాలు, ఫోటోల వంటి వృత్తి ఖర్చులకు 3, పన్నుకూ బీమాకూ పదవీ విరమణ నిధికీ కలిపి 5 వేసుకుంటే మొత్తం 20. ఏడాదిలో మీరు 1,800 గంటలు పనిచేస్తారనుకుందాం. అందులో సగమే ఫీజు వచ్చే పని. మిగతాది కుదరని పనుల కోసం వేసే అంచనాలకూ, మొదటి సమావేశాలకూ, చెల్లింపుల కోసం చేసే ఫోన్లకూ పోతుంది. మిగిలిన 900 గంటల్లో, కొలతలు, డ్రాయింగులు, సైట్ పర్యవేక్షణ కలిపి ఇంటికి 180 గంటల చొప్పున, ఏడాదికి ఐదు ఇళ్లు చేయగలరు. అంటే ఒక్కో ఇంటి నుంచి నాలుగు నెలల ఇంటి ఖర్చుకు సమానమైన ఫీజు రావాలి. మీకు ఇప్పుడు మిగులుతున్న ఒక నెల జీతం 1.67 నెలల ఇంటి ఖర్చు మాత్రమే, అవసరమైన దానిలో సగం కూడా కాదు. ఉద్యోగం ఉన్నందువల్ల ఈ లోటు మీకు కనిపించలేదు. ఒక రకంగా మీ స్నేహితుల ఇళ్లకు మీ జీతమే రాయితీ ఇచ్చింది. గంటలు మీ అనుభవాన్ని బట్టి మార్చుకోండి, కానీ నాలుగో ఇంటి మీద గడిపే ప్రతి గంటనూ రాసిపెట్టండి. ఆ పట్టిక లేకుండా ఐదో ఇంటికి ఫీజు చెప్పవద్దు.

మీరు అడిగిన మొదటి ప్రశ్నకు నా సమాధానం: ఇప్పుడే మానవద్దు. ఉద్యోగం వదిలే నాటికి మీ సొంత డబ్బు 15 నెలల ఇంటి ఖర్చుకు సమానంగా ఉండాలి, 12 ఇంటికి, 3 వృత్తికి. ఇప్పుడున్నవి 7. జీతంలో మిగిలే 40 శాతాన్ని పూర్తిగా దాచగలిగితే నెలకు 0.67 నెలల ఇంటి ఖర్చు చొప్పున మిగతా 8 నెలలది సమకూరడానికి ఏడాది పడుతుంది. నాలుగో ఇంటి ఫీజు వస్తే ఇంకా ముందే కావచ్చు. ఇంత నిధి ఎందుకంటే, తొలి సమావేశానికీ తొలి చెల్లింపుకీ మధ్య నెలలు గడుస్తాయి, చివరి వాయిదా చిన్నచిన్న లోపాల సవరణ పూర్తయ్యేదాకా రాదు. డబ్బుకు తొందరపడే డిజైనరు నచ్చని పనీ ఒప్పుకుంటారు, ఫీజు తగ్గించమంటే తగ్గిస్తారు. డబ్బుతో పాటు మరొక షరతు: స్నేహితులు, బంధువులు కాని కనీసం ఒక్కరు పూర్తి ఫీజుకు సంతకం చేసి మొదటి వాయిదా చెల్లించి ఉండాలి. మీ పనికి మార్కెట్లో విలువ ఉందనడానికి అదే నమ్మదగిన రుజువు.

స్టూడియో కోసం అప్పు వద్దు. కిస్తీ ప్రతి నెలా వస్తుంది, మీ ఆదాయం అలా రాదు. ఈ దశలో క్లయింట్లు చూసేది మీరు పూర్తి చేసిన ఇళ్లనే గాని మీ కార్యాలయాన్ని కాదు. ఆ మూడు ఇళ్ల యజమానుల అనుమతితో మంచి ఫోటోగ్రాఫర్ చేత చిత్రాలు తీయించండి. నేను ఖర్చు పెట్టమని చెప్పే మొదటి అంశం అదే. ఆటోక్యాడ్, స్కెచప్ వంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చందా పద్ధతిలో దొరుకుతాయి కాబట్టి, వాటిని ఒకసారి కొనే వస్తువుల్లా కాక ఏటా వచ్చే ఖర్చుగా లెక్కలో రాసుకోండి.

ఒప్పందం గురించి రెండు మాటలు. ఫీజును పని మొదలైనప్పుడు 30 శాతం, డిజైన్ ఆమోదం పొందాక 30, వర్కింగ్ డ్రాయింగులు (పనివారు చూసి చేసే కొలతల డ్రాయింగులు) ఇచ్చాక 30, అప్పగింతకు 10 శాతంగా విభజిస్తే, చివర్లో చెల్లింపు ఆగినా మీ ఇల్లు తలకిందులు కాదు. రెండు విడతల మార్పులు ఫీజులో భాగమనీ, ఆపైన గంటల లెక్కన చెల్లించాలనీ రాయండి. స్నేహితుల విషయంలో ఇది మరీ అవసరం, ఎందుకంటే వారు ఏడో మార్పును కూడా చనువుతోనే అడుగుతారు.

తల్లిదండ్రుల బాధ్యత మీదే కాబట్టి, ఉద్యోగంతో వచ్చే ఆరోగ్య బీమా పోకముందే కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి, మీ పేరున టర్మ్ బీమా కూడా. వృత్తిపరమైన పొరపాట్ల నష్టపరిహారానికి బీమా తీసుకునే వీలుంటే మొదటి పెద్ద పనికి ముందే తీసుకోవడం మంచిది.

డిప్లొమా సంగతికి వస్తే, ఈ వృత్తికి కొన్నిచోట్ల లైసెన్సు అవసరం, చాలాచోట్ల అవసరం లేదు. మీరు పనిచేసే చోటి నిబంధన ముందు తెలుసుకోండి. లైసెన్సు అడ్డంకి కాకపోతే, రెండేళ్లు ఫీజు కట్టి చదవడం కన్నా, పైన చెప్పిన నిధి సమకూరాక ఒక డిజైన్ సంస్థలో ఉద్యోగంలో చేరడం మీకు మేలని నా అభిప్రాయం. జీతం 30 శాతం తగ్గినా మీ ఇల్లు గడుస్తుంది. పొదుపు మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ తగ్గుదలే మీరు చదువుకు కట్టే ఫీజు. చేరేముందు ఒక విషయం అడిగి తెలుసుకోండి: మిమ్మల్ని త్రీడీ బొమ్మలు గీయడానికే కూర్చోబెడతారా, లేక ఏ సరుకు ఎంత కావాలో చూపే పరిమాణాల పట్టిక తయారీకీ, సరఫరాదారులతో బేరానికీ, సైట్‌కూ కూడా పంపుతారా? మొదటిదే అయితే జీతం కాస్త ఎక్కువ ఇచ్చినా చేరకండి.