ఇడ్లీ వెంట నడిచి చూడు

మైలాపూరు, చెన్నై.

చిరంజీవికి ఆశీస్సులు.

జీర్ణవ్యవస్థ మీద నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. 'జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం'తో మొదలుపెట్టావు. ఈ విషయం మీద రాసే ప్రతివాడూ అలాగే మొదలుపెడతాడు కనుక దాన్ని తీసెయ్యి. ఆ తరువాత అవయవాల పేర్లన్నీ వరుసగా చెప్పుకుంటూ పోయావే గాని, తిన్న మెతుకు ఎక్కడా కనబడలేదు. అవయవాలను కాక ఆహారాన్ని పట్టుకొని నడువు. మా వీధి చివరి హోటల్లో పెట్టే పొడి ఇడ్లీనే తీసుకో: బియ్యంలో పిండిపదార్థం, మినప్పప్పులో మాంసకృత్తులు, పైన పోసిన నువ్వుల నూనెలో కొవ్వు, మూడూ ఒకే ముద్దలో లోపలికి వెళ్తాయి, మూడింటి దారులూ వేరు.

పిండిపదార్థం నోట్లోనే విడిపోవడం మొదలవుతుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము, అంటే ఆహారాన్ని విడగొట్టే పదార్థం, దాన్ని చక్కెరలుగా మారుస్తుంది కనుకనే అన్నాన్ని చాలాసేపు నమిలితే తియ్యబడుతుంది. పాఠకుడు తన నోటితోనే పరీక్షించుకోగల సంగతి ఇది, వదలకు. జీర్ణాశయంలోని ఆమ్లం తగిలాక ఆ ఎంజైము పని ఆగిపోయి, మినప్పప్పు వంతు వస్తుంది. దాని మాంసకృత్తులను అక్కడి పెప్సిన్ అనే ఎంజైము తెగ్గొడుతుంది. నూనె మాత్రం చాలావరకు చిన్నపేగు దాకా ఆగవలసిందే.

జీర్ణాశయాన్ని గ్రైండరుతో పోల్చావు. కండరాలు చిలికే మాట నిజమే, కాని అసలు పని రసానిది. 1822లో అమెరికాలోని మాకినా ద్వీపంలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకి దెబ్బ తగిలి, ప్రాణం దక్కినా జీర్ణాశయంలోకి ఒక రంధ్రం మిగిలిపోయింది. అతనికి వైద్యం చేసిన విలియం బోమాంట్ 1825లో పట్టుదారానికి కట్టిన ఆహారపు ముక్కలను ఆ రంధ్రంలోంచి లోపలికి వదిలి, కొంతసేపటికి లాగి చూశాడు. అంతటితో ఆగక జీర్ణరసాన్ని సీసాలోకి తీసి, ఒంటి వేడిమిలో ఉంచి అందులో మాంసం వేస్తే, రుబ్బేవాడెవడూ లేకుండానే కరిగింది. ఇవన్నీ 1833లో పుస్తకంగా అచ్చువేశాడు.

'పైత్యరసం' అన్న మాట తప్పు కాదు, అయితే మనవాళ్లకు పైత్యమంటే తలతిరుగుడో వెర్రో గుర్తుకొస్తుంది. ఖాళీ కడుపుతో వాంతి అయినప్పుడు చేదుగా వచ్చే పసరు అదేనని ఒక్కసారి చెప్పు. కాలేయం తయారుచేసే ఆ పసరు నూనెను సన్నని తుంపరలుగా చెదరగొడితేనే క్లోమరసంలోని లైపేజ్‌కు, అంటే కొవ్వును విడగొట్టే ఎంజైముకు, పని సులువవుతుంది.

'జీర్ణమైనదంతా రక్తంలో కలుస్తుంది' అన్న వాక్యాన్ని మాత్రం తప్పక దిద్దాలి. చక్కెరలు, అమైనో ఆమ్లాలు చిన్నపేగు లోపలి గోడ మీద సన్నని వేళ్లలా ఉండే చూషకాల గుండా రక్తంలో చేరి ముందు కాలేయానికి వెళ్తాయి. కొవ్వులో ఎక్కువ భాగం శోషరస (లింఫ్) నాళాలలోకి ప్రవేశించి, ఛాతీ మీదుగా చుట్టుతిరిగి మెడ దగ్గర రక్తాన్ని కలుస్తుంది.

పెద్దపేగును ఒక్క వాక్యంతో దాటేశావు. బహుశా మొహమాటపడి ఉంటావు. మిగిలిన నీటిని లాగుకొనేదీ, మన ఎంజైములకు లొంగని పీచును బాక్టీరియా పులియబెట్టేదీ అక్కడే. దానికి ఒక పూర్తి పేరా ఇచ్చి, వ్యాసాన్ని మళ్లీ పంపు.