150 గజాల ఇంటికి కూల్ రూఫ్ తప్పనిసరా?

హైదరాబాద్ శివార్లలో 150 గజాల్లో ఇల్లు మొదలుపెడుతున్నామని, కూల్ రూఫ్ (ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పైకప్పు) వేయకపోతే ఓసీ, అంటే ఇంట్లో చేరడానికి ఇచ్చే సర్టిఫికెట్, ఇవ్వరని ఎవరో భయపెట్టారని అడిగారు కదా. టెన్షన్ పడకండి, మీకు ఆ రూల్ లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ ప్రకారం ఇళ్లలో 600 గజాలు, ఆపైన ఉన్న స్థలంలో కట్టేవాటికే అది తప్పనిసరి. ప్రభుత్వ భవనాలు, షాపులు, ఆఫీసులు మాత్రం ఎంత చిన్నవైనా వేయాల్సిందే. మీకూ నాకూ ‘ఇష్టమైతే వేసుకోండి’ అని వదిలేశారు.

జవాబు అయిపోయింది. నా కడుపుమంట మాత్రం ఇక్కడే మొదలు.

600 గజాలట! మా కాలనీలో అంత జాగా ఒక్కరికైనా ఉంటే చూపించండి. అంత స్థలం ఉన్నాయన చుట్టూ నాలుగు చెట్లు పెట్టుకుంటాడు, గదికో ఏసీ బిగిస్తాడు. ఎండ అసలు కొట్టేది పక్కింటి గోడకు ఆనుకుని రెండంతస్తులు లేపి, పై స్లాబ్ కింద పిల్లల్ని పడుకోబెట్టేవాడినే. చట్టం సరిగ్గా వాడినే వదిలేసింది. కేంద్రం తీరూ ఇంతే. ఇళ్లలో ఇంధన పొదుపు కోసమని 2018లో ఎకో నివాస్ సంహిత అనే కోడ్ తెచ్చారు. గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదని అందులో మంచి లెక్కే రాశారు. కానీ అది 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలకు. గజాల్లోకి మార్చి చూడండి, మళ్లీ అదే 600! 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి ఇళ్లను కూడా కలిపామన్నారు. ఏ ఇళ్లను? కనీసం 100 కిలోవాట్ల కరెంటు లోడ్ ఉన్న భవనాలను. మా మీటరు 5 కిలోవాట్లు.

మా సంగతి చెప్తాను. ఇల్లు కట్టిన కొత్తలో పైన మామూలు స్లాబే. మే నెలలో ఒకరోజు రాత్రి అటక మీంచి పరుపు దించడానికి స్టూలెక్కి, పట్టు కోసం సీలింగ్‌కు చెయ్యి ఆనించాను. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. పొద్దు గూకి ఎంతసేపైందో! స్లాబ్ పగలంతా తాగిన వేడిని రాత్రంతా కిందికి వదులుతూనే ఉంటుంది, ఫ్యాన్ వేస్తే అదే వేడిని మన ముఖాన కొడుతుంది. ఆ ఏడాదే టైల్స్ షాపులో విరిగిన తెల్ల ముక్కలు బస్తాల లెక్కన తెచ్చి పైన పరిపించాను. మేస్త్రీ ఒప్పుకుంటేనా! “తెల్లగేస్తే ఏమొస్తది సార్, రెండు వానలు పడితే నల్లగైతది. గా పైసల్తోని ఇంకో ఏసీ పెట్టుకోరాదు?” అన్నాడు. పెయింట్ విషయంలో ఆయన మాట సగం నిజమే. దుమ్ము, పాచి పడితే పనితనం తగ్గుతుంది, ఎండాకాలం ముందు కడిగి తీరాలి. టైల్ ముక్కలకు ఆ బాధ తక్కువ. అతుకుల్లో మాత్రం సిమెంటు బాగా పట్టించాలి.

ఫలితం నేను చెప్పనక్కర్లేదు, మా అత్తగారి వడియాలు చెప్తాయి. “మీ తెల్ల మిద్దె మీద ఎండి చావట్లేదు” అంటూ ఆవిడ చీర, గిన్నె పట్టుకుని పక్కింటి డాబా మీదకు మకాం మార్చారు. అక్కడ మధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం, గెంతుకుంటూ పిట్టగోడ నీడలోకి వెళ్లాలి. “అన్నా, పైన మా వడియాలు, కింద మీరు, రెండూ ఒకే స్లాబ్ వేడికి ఎండుతున్నాయి, నువ్వూ తెల్లగా వేయించు” అని పక్కింటాయనతో అన్నాను. ఆయన తాపీగా, “అంత అవసరమైతే గవర్నమెంటే పెట్టేది కదా రూలు?” అన్నాడు.

నా గొడవంతా ఈ మాట గురించే. మినహాయింపు ఇస్తే జనం దాన్ని ‘అక్కర్లేదు’ అని చదువుకుంటారు. స్థానిక వాతావరణాన్ని బట్టి కేంద్రం కోడ్‌లో మార్పులు చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఇంధన పొదుపు చట్టంలోనే ఉంది. వాడితేగా! ఇళ్ల అనుమతులకు టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ పద్ధతి 2020లో వచ్చింది, 75 గజాల లోపైతే రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలన్నారు, 600 గజాల వరకు మన సొంత ధ్రువీకరణతోనే వెంటనే అనుమతి అన్నారు. చాలా మంచి పని, కాదనను. అదే ఫారంలో ‘పైకప్పు తెల్లగా ఉంటుంది, పడమటి కిటికీలకు సజ్జ ఉంటుంది’ అని ఇంకో లైను చేరిస్తే ఏం పోయేది? ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ జానెడు తగ్గితే టేపు పట్టుకుని వచ్చేస్తారు, లోపల మనిషి ఉడికిపోతే కొలిచే టేపే లేదు.

చట్టం పెట్టినా ఎవరు పాటిస్తారు అంటారేమో. వంటగది ఆగ్నేయంలోనే ఉండాలని ఏ జీవో చెప్పింది? తప్పినవాడిని చూపించండి! పడమటి కిటికీకి సజ్జ లేకపోతే ఇంటికి అరిష్టం అని సిద్ధాంతులు ఒక్క ముక్క అనుంటే ఈపాటికి ఊరంతా సజ్జలే. ఇప్పుడేమో ఎలివేషన్ అందం చెడుతుందని ఉన్నవీ కొట్టేసి, అద్దాలు బిగించి, వాటికి లోపల మందపాటి కర్టెన్లు వేసి, పట్టపగలు లైట్లు వేసుకుని కూర్చుంటున్నాం.

మీరైతే స్లాబ్ వాటర్‌ప్రూఫింగ్ మాట్లాడే రోజే తెల్ల టైల్ ముక్కల సంగతి కూడా మేస్త్రీతో కలిపి బేరం చేసుకోండి. తర్వాత విడిగా చేయిస్తే కూలీ రెండోసారి పడుతుంది. వాలు మాత్రం వాన నీటి పైపు వైపే ఉందో లేదో బకెట్ నీళ్లు పోసి, దగ్గరుండి చూసుకోండి.